పవర్ వీడర్ ఇంజిన్ హెడ్‌ని ఇంట్లోనే అద్దం మీద ఎమరీ పేపర్‌తో లెవెల్ చేసుకోవచ్చా?

పత్తిచేను_సూర్యాపేట:

అన్నలందరికి నమస్తే. నా దగ్గర పవర్ వీడర్ ఉంది, ఇంజిన్ హోండా జీఎక్స్160 కి కాపీ టైపు, 68 ఎంఎం బోరు, ఓవర్‌హెడ్ వాల్వులు, నాలుగు హెడ్ బోల్టులు. పోయిన సీజన్ దాక బాగనే నడిచింది. ఈసారి పత్తిల కలుపుకి దింపినంక లోడ్ పడితే చాలు గుంజుతలేదు, నేల కొంచెం గట్టిగుంటే బంద్ ఐతుంది, పైనుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలకు ఆయిల్ వచ్చి స్పాంజి మొత్తం తడిసిపోతుంది. ఇక్కడి మెకానిక్‌కి చూపిస్తే రింగులు పోయినయి, బోరు కిట్టు మార్చాలె అన్నడు.

పైసలు పెట్టే ముందు ఒకసారి చూద్దామని హెడ్ విప్పిన. బోరుల గీతలు ఏం లేవు, హోనింగ్ గుర్తులు (కొత్తల బోరు గోడ మీద పెట్టే సన్న అడ్డగీతలు) ఇంక కనపడుతనే ఉన్నయి. కాని హెడ్ ప్యాకింగ్ మాత్రం పుష్‌రాడ్లు (కింది క్యామ్ నుంచి వాల్వులను నడిపే కడ్డీలు) పోయే ఖాళీ వైపు కాలి తెగిపోయి ఉంది, అక్కడ హెడ్ మీద కూడ నల్లగ మసి చార పడ్డది. కొత్త ప్యాకింగ్ తెచ్చి వేసి బిగిస్తే రెండు మూడు ఎకరాలు మంచిగ నడిచి మళ్ళ అదే జాగల పోయింది. అంటే హెడ్ వంగినట్టే కద?

లేత్ షాపుల అడిగితే ఇంత చిన్న హెడ్ మిషిన్ మీద పట్టుడు కష్టం, కొత్తది కొనుక్కో అంటున్నరు. వీడియోలల్ల చూస్తే అద్దం మీద ఎమరీ పేపర్ పెట్టి రుద్దుతున్నరు. అది నిజంగ పనిచేస్తదా లేక తర్వాత ఇంకా ఎక్కువ ఖరాబ్ ఐతదా? ఏ నెంబర్ పేపర్ తీసుకోవాలె, ఎంత దాక రుద్దొచ్చు, ఐపోయిందని ఎట్ల తెలుస్తది? కొంచెం వివరంగ చెప్పండి, చేన్ల గడ్డి నా కంటే ఎత్తు పెరిగేటట్టుంది.

ఆటోనగర్_లేత్:

తమ్ముడూ, కిట్టు కొనే ముందు విప్పి చూడడం మంచి పని. హెడ్ ప్యాకింగ్ బయటి వైపు తెగితే చిటపటమని శబ్దం వస్తుంది, సబ్బునీళ్ళు పోస్తే బుడగలు కనిపిస్తాయి, ఎవరికైనా తెలిసిపోతుంది. పుష్‌రాడ్ల వైపు తెగితే ఆ ప్రెషర్ మొత్తం నేరుగా కింద ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి దిగి అక్కడ్నుంచి గాలి వదిలే బ్రీదర్ పైపులోంచి ఆయిల్‌ని మోసుకుంటూ ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది, రింగులు అరిగినా అచ్చం ఇవే లక్షణాలు. ప్లగ్గు హోల్లోంచి కంప్రెసర్ గాలి పెట్టి చూసినా రెండిటికీ ఆయిల్ మూత దగ్గరే బుస్సుమంటుంది, అందుకని మీ మెకానిక్‌ని తప్పు పట్టక్కర్లేదు. కంప్రెషన్ గేజిని కూడా ఈ ఇంజిన్లలో నమ్మలేం, తాడు తేలిగ్గా రావడానికి క్యామ్ మీద డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది, స్టార్టింగ్ స్పీడులో అది ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త ఎత్తి పెడుతుంది, అంచేత మంచి ఇంజిన్‌కి కూడా రీడింగు తక్కువే వస్తుంది.

ఇక అసలు సంగతి. అద్దం మీద రుద్దడం పనిచేస్తుంది, అరచేతిలో పట్టే హెడ్ కాబట్టి పనిచేస్తుంది. కారు హెడ్ అయితే నేనే వద్దంటా. కానీ వీడియోల్లో అందరూ రుద్దడం చూపిస్తారు, కొలవడం చూపించరు, పని మొత్తం అక్కడే ఉంది.

ముందు పాత ప్యాకింగ్ ముక్కలు, మసి మొత్తం తియ్యాలి. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, అల్యూమినియం మెత్తన, ఒక్క గీత చాలు మళ్ళీ లీకవడానికి. గట్టి చెక్క ముక్కో ఇత్తడి బ్రష్షో వాడు, మొండిగా ఉంటే థిన్నర్ రాసి కాసేపు వదిలెయ్. తర్వాత ఫిల్లర్ గేజి (సందు కొలిచే పల్చటి ఉక్కు ఆకుల కట్ట), నిఖార్సైన అంచున్న మూలమట్టం తీసుకో, స్కూలు పిల్లల స్టీలు స్కేలు పనికిరాదు. అంచుని హెడ్ మీద నిలబెట్టి పొడుగు వైపు రెండు చోట్ల, అడ్డంగా రెండు చోట్ల, మూల నుంచి మూలకి రెండు చోట్ల చూడాలి. 0.05 ఎంఎం ఆకుతో మొదలుపెట్టి ఏది దూరుతోందో రాసుకో. హోండా వాళ్ళ సర్వీసు పుస్తకంలో జీఎక్స్160 హెడ్‌కి 0.10 ఎంఎం వరకే వంపు ఒప్పుకుంటారు, అది దాటితే ఎన్ని ప్యాకింగులు మార్చినా నిలవదు. 0.10 నుంచి 0.20 దాకా ఉంటే చేత్తో హాయిగా తీసేయొచ్చు. 0.25 దాటినా, ఆ మసి చార దగ్గర గోరు పెడితే లోతుగా గాడి తగిలినా, వాల్వు సీట్ల మధ్య పగులు కనిపించినా అప్పుడు మాత్రం కొత్త హెడ్డే.

అద్దం గురించి కచ్చితంగా చెప్పాలి. మామూలు ఫ్లోట్ గ్లాసు, 10 లేదా 12 ఎంఎం మందం, గాజు షాపులో మిగిలిన ముక్క అడిగితే ఇస్తారు. కరిగిన తగరం మీద తేలేట్టు పోసి చేస్తారు కాబట్టి అది మన పనికి సరిపడా చదునుగా ఉంటుంది. టఫెన్డ్ గ్లాసు మాత్రం వద్దు, టీపాయ్ మీద ఉండేవి, షాపు తలుపులవి అవే, వేడి చేసి రోలర్ల మీద నడిపిస్తారు కాబట్టి సన్నగా అలలు వస్తాయి, కంటికి కనపడవు గానీ హెడ్ మీద కనపడతాయి. పల్చటి ముఖం చూసుకునే అద్దం ఎగుడుదిగుడు బల్ల మీద పెడితే అదే వంగుతుంది. మందపాటిదైనా కింద దళసరి గుడ్డో రబ్బరు షీటో పరిచి కదలకుండా పెట్టు.

పేపరు నల్లటి వాటర్ పేపరు, 220 తో మొదలెట్టి 320, చివర 400. అంతకన్నా సన్నం అక్కర్లేదు, అద్దంలా మెరిసిపోవాల్సిన పని లేదు, ప్యాకింగ్‌కి కాస్త పట్టు కావాలి. పేపర్ వెనక తడి చేసి గాజుకి అంటించినా నిలుస్తుంది, కానీ అంచులు లేవకుండా చూసుకో, లేచిన అంచు హెడ్ అంచుని గుండ్రంగా కోసేస్తుంది. పైన కిరసనాయిలో డీజిలో కొద్దిగా పోస్తూ ఉండాలి, పొడిగా రుద్దితే అల్యూమినియం పేపర్‌లో ఇరుక్కుని ముద్దలై అవే గీతలు పెడతాయి.

వాల్వులు, స్ప్రింగులు, ప్లగ్గు అన్నీ తీసెయ్. ఏ వాల్వు ఎటుదో గుర్తు పెట్టుకో. హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య హెడ్‌ని సరిగ్గా దాని చోట కూర్చోబెట్టే రెండు డోవెల్ గొట్టాలు ఉంటాయి, అవి హెడ్‌లో ఉండిపోతే వాటినీ లాగెయ్, లేకపోతే ఒక్క దెబ్బకి పేపర్ చిరుగుతుంది.

ఇప్పుడు హెడ్ ముఖం మీద పర్మనెంట్ మార్కర్‌తో గళ్ళు గళ్ళుగా గీతలు గియ్. హెడ్‌ని పైన ఫిన్నుల (వేడి పోయే పల్చటి రెక్కలు) దగ్గర పట్టుకుని తొయ్యకు, ఎంత కిందకి పట్టుకుంటే అంత మంచిది, పేపర్‌కి దగ్గరగా వేళ్ళు పెట్టి తొయ్యాలి. పైన పట్టుకుంటే ముందుకు తోసినప్పుడు ముందు అంచు, వెనక్కి లాగినప్పుడు వెనక అంచు ఎక్కువ తినేసి మధ్యలో బొజ్జలా మిగులుతుంది. చేత్తో చేసిన హెడ్లు చాలా వరకు చెడేది ఇలాగే. దాని బరువుకి తోడు కాస్తంత ఒత్తిడి చాలు. ఇంగ్లీషు ఎనిమిది ఆకారంలో తిప్పుతూ ఓ పది పదిహేను చుట్లకోసారి హెడ్‌ని తొంభై డిగ్రీలు తిప్పి పట్టుకో, చెయ్యి ఎటు వాలుతుందో ఆ తప్పు నాలుగు వైపులకీ సర్దుకుంటుంది. మధ్యమధ్య తుడిచి చూడు. ముందు బోల్టు రంధ్రాల చుట్టూ గీతలు చెరిగిపోయి తెల్లగా తేలుతుంది, నీ హెడ్‌లో పుష్‌రాడ్ ఖాళీకీ బోరుకీ మధ్య సన్నటి గోడ దగ్గర గీతలు చివరి వరకు అలాగే ఉంటాయి, పల్లం అక్కడే కాబట్టి. అవి కూడా చెరిగిన వెంటనే ఆపి, మళ్ళీ గీసి, తర్వాతి పేపర్‌కి వెళ్ళు. పని మొదలెట్టే ముందు నాలుగు బోల్టుల దగ్గర మందం వెర్నియర్‌తో కొలిచి రాసుకుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నావా లేదా అనేది కూడా తెలుస్తుంది.

స్ప్రేయర్_శీను:

ఇంత కష్టం ఎందుకు బ్రో, వాల్వు గ్రైండింగ్ పేస్టు ముద్ద గాజు మీద రాసి రుద్దేయ్, పేపర్లు మార్చే పని ఉండదు, నేను టూ స్ట్రోక్ స్ప్రేయర్ల హెడ్లు అన్నీ అలాగే చేస్తా, బాగానే నడుస్తున్నాయి. ఇంకా కొంతమంది నేరుగా సిలిండర్ మీదే పేస్టు రాసి హెడ్‌ని దాని మీద తిప్పుతారు, రెండూ ఒకదానికొకటి సెట్ అయిపోతాయి.

ఆటోనగర్_లేత్:

శీను గారూ, స్ప్రేయర్లకి చేస్తున్నారు సరే, ఈ ఇంజిన్‌కి మాత్రం నేను ఒప్పుకోను, కారణం చెప్తా. పేస్టులో ఉండే రవ్వ వదులుగా దొర్లుతుంది, అల్యూమినియం మెత్తన కాబట్టి అందులోకి గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. గట్టి ఉక్కు మీద అయితే కడిగితే పోతుంది, అల్యూమినియంలోంచి అంత తేలిగ్గా రాదు. ఫోర్ స్ట్రోక్‌లో ఆ ముఖం పక్కనే పుష్‌రాడ్ ఖాళీ, దాని కింద ఆయిల్ సంపు. ఒక్కో రవ్వా వదిలి ఆయిల్‌లో పడితే బేరింగు, బోరు రెండూ పోతాయి, ఆయిల్ ఫిల్టర్ కూడా లేని ఇంజిన్ ఇది. పేపర్‌లో రవ్వ జిగురుతో అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. పేస్టు గాజుని కూడా తింటుంది, రెండు హెడ్లు చేసేసరికి గాజు మధ్యలో పల్లం పడుతుంది.

సిలిండర్ మీదే పెట్టి తిప్పడం అసలు వద్దు. రెండు ముఖాలు ఒకదానికొకటి సెట్ అవుతాయి, నిజమే, కానీ చదును అవ్వాలని ఏమీ లేదు, ఒకటి గుంటై ఇంకొకటి ఉబ్బెత్తయినా సెట్ అయినట్టే కనిపిస్తాయి. పైగా ఆ పేస్టు బోరులోకి దిగుతుంది.

పేపర్‌తో చేసినా సరే కడగడం ఒక పనిగా పెట్టుకోండి. పెట్రోలు పోసి గుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుంది, రవ్వ పోదు. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, గట్టి బ్రష్షు. బోల్టు రంధ్రాలు, వాల్వు గైడ్లు, ప్లగ్గు మరలు అన్నీ లోపలిదాకా. తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి, బూడిద రంగు వస్తే మళ్ళీ కడగాల్సిందే.

అనంత_పంప్‌సెట్:

పైనాయప్ప బాగా చెప్పినాడు, రుద్దే విషయంలో నేను చెప్పేది ఏమీ లేదు. అయితే అసలు హెడ్ ఎందుకు వంగినాదో చూడకపోతే మళ్ళీ వచ్చే పంటకి ఇదే పని చేస్తావు. మా పక్క వేరుశెనగ చేలల్లో తిరిగే వీడర్లు రిపేరుకి వస్తా ఉంటాయి, హెడ్ వంగిన దాన్లో ఫ్యాన్ కవరు విప్పితే చాలాసార్లు లోపల ఒకటే కథ, ఎర్రమట్టి, ఎండు గడ్డి, ఆయిల్ కలిసి ఫిన్నుల మధ్య పిడకలా గట్టిపడి ఉంటాది. బయటినుంచి చూస్తే ఇంజిన్ శుభ్రంగానే కనిపిస్తాది. ఇది గాలితో చల్లబడే ఇంజిన్, ఫ్లైవీలు రెక్కలు గాలిని ఆ రేకు కవరు లోపలినుంచి ఫిన్నుల మధ్యకి తోస్తాయి, ఆ దారి మూసుకుపోతే ఎగ్జాస్ట్ పక్క ఒక్కటే కాగిపోతాది, బోల్టులు పట్టుకున్న నాలుగు చోట్లా కదలలేక మధ్యలో వంగుతాది. తాడు లాగి స్టార్ట్ చేసే రీకాయిల్ విప్పి కవరు తీసి ఫిన్నుల మధ్య సన్న చీపురుపుల్లతో మొత్తం తియ్. కవరు కింద సైలెన్సర్ పక్కన చిన్న రేకు ముక్క ఉంటే పారేయొద్దు, గాలిని మలిపేది అదే.

వేడి మీద హెడ్ బోల్టులు విప్పడం కూడా హెడ్ వంగడానికి ఒక కారణం. చేలో ఆగిపోయిందని అప్పటికప్పుడు విప్పేసేవాళ్ళని చూస్తా ఉంటాం. చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లారినాకే పానా పెట్టాల.

బిగించేదానికి టార్క్ రెంచి లేదనుకుంటా. స్ప్రింగ్ కాటా ఉంటే చాలు, బస్తాలు తూచేది కాదు, చిన్నది. జీఎక్స్160 కి హెడ్ బోల్టు టార్క్ 24 న్యూటన్ మీటర్లు. 12 నెంబర్ సాకెట్టుకి హ్యాండిల్ వేసి, బోల్టు మధ్యనుంచి సరిగ్గా 20 సెంటీమీటర్ల దగ్గర కాటా కొక్కెం తగిలించి, హ్యాండిల్‌కి సరిగ్గా తొంభై డిగ్రీల్లో, అది తిరిగే వైపు లాగితే 12 కిలోలు చూపించేటప్పటికి 24 న్యూటన్ మీటర్లు అయితాది. ఒకేసారి లాగొద్దు, మొదట నాలుగు కిలోలు అన్ని బోల్టులకీ, తర్వాత ఎనిమిది, తర్వాత పన్నెండు, ప్రతిసారీ ఎదురు మూలలకి పోవాల. కొక్కెం వంకరగా లాగితే లెక్క తప్పుతాది, అది ఒక్కటి చూసుకో.

ప్యాకింగ్‌కి రెండు వైపులా సిలికాన్ పూసేవాళ్ళున్నారు, పూయొద్దు. లెవెల్ సరిగా ఉంటే దాని అవసరం లేదు, లెవెల్ లేకపోతే అది ఆపలేదు, పైగా పిండుకుని లోపలికి వచ్చి ఆయిల్ దారిలో పడతాది.

పత్తిచేను_సూర్యాపేట:

అన్నా మీ అందరికి చాల థాంక్స్, ఇంత ఓపికగ ఎవరు చెప్పలే. మూలమట్టం మా ఊరి కార్పెంటర్ దగ్గర కొత్తది ఉంటే తెచ్చిన, ఫిల్లర్ గేజి కొన్న. హెడ్ పుష్‌రాడ్ వైపు రెండు బోల్టుల నడుమ 0.15 ఆకు దూరుతుంది, 0.20 దూరుతలేదు. మిగత జాగల 0.05 కూడ పోతలేదు. గాడి లాంటిది ఏం తగులుతలేదు. అంటే చేసుకోవచ్చనే అనుకుంటున్న. ఫ్యాన్ కవర్ ఇప్పితే అనంత అన్న చెప్పినట్టే ఉంది, సిలిండర్ వెనక వైపు రెండు ఫిన్నుల నడుమ మొత్తం మట్టి, పత్తి ఆకుల పొట్టు, గట్టిగ రాయి లెక్క ఐంది.

కాని ఇంకొకటి కనపడ్డది. ఊరికే చూద్దామని మూలమట్టం సిలిండర్ బ్లాకు మీద కూడ పెట్టిన. అక్కడ ఒక బోల్టు రంధ్రం దగ్గర మట్టం అటు ఇటు ఊగుతుంది. వేలు పెట్టి చూస్తే రంధ్రం చుట్టు అంచు కొంచెం పైకి లేచినట్టు తగులుతుంది. ప్యాకింగ్ పోయిన జాగకి అదే దగ్గర బోల్టు. దీన్ని ఏం చేయాలె? బ్లాకుని పేపర్ మీద పెట్టలేం కద, ఇంజిన్ మొత్తం తలకిందులు చేయాలె.

ఇంకో డౌటు, హెడ్ రుద్దితే కంప్రెషన్ పెరిగి ఇంజిన్ కొట్టుకుంటదని ఒకతను అన్నడు, నిజమేనా?

ఆటోనగర్_లేత్:

శభాష్, బ్లాకు మీద కూడా పెట్టి చూశావు చూడు, నీ రెండో ప్యాకింగ్ ఎందుకు పోయిందో జవాబు అక్కడే దొరికింది. అల్యూమినియం బ్లాకులో బోల్టు గట్టిగా లాగితే పై మర దాని చుట్టూ ఉన్న లోహాన్ని తనతో పాటు పైకి గుంజుతుంది, చిన్న గుట్టలా లేస్తుంది. హెడ్ ఆ గుట్ట మీద కూర్చుంటుంది, పక్కనే ప్యాకింగ్ మీద నొక్కు తగ్గుతుంది, మంటకి అక్కడ దారి దొరుకుతుంది. హెడ్ ఎంత బాగా చేసినా ఇది తియ్యకపోతే మళ్ళీ అక్కడే పోతుంది.

దీనికి బ్లాకు మొత్తం రుద్దక్కర్లేదు. 12 ఎంఎం డ్రిల్లు బిట్టు చేత్తో పట్టుకుని, మిషిన్‌కి పెట్టకుండా, ఆ రంధ్రం మూతి మీద రెండు మూడు చుట్లు తిప్పు, లేచిన అంచు కోసుకుపోయి చిన్న ఏటవాలు వస్తుంది. మిగతా మూడు రంధ్రాలకి కూడా అదే చెయ్, ఒక చుట్టు చాలు. తర్వాత చదునైన ఆయిల్ స్టోను బ్లాకు మీద పడుకోబెట్టి కిరసనాయిల్ చుక్క వేసి మెల్లగా తిప్పు, ఎత్తు ఎక్కడుందో అక్కడ మెరుపు వస్తుంది, మెరుపు పక్కలకి పరుచుకోగానే ఆపెయ్. బ్లాకులో అంతకంటే ఎక్కువ చెయ్యొద్దు. బోరు చుట్టూ ఉన్నది పోత ఇనుము లైనరు, బయట అల్యూమినియం, రెండూ ఒకే వేగంతో అరగవు, ఎక్కువ రుద్దితే అల్యూమినియం కిందకి పోయి లైనరు పైకి నిలబడుతుంది.

ఈ పని చేసే ముందు పిస్టన్‌ని పై వరకు తెచ్చి, పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందులో చుట్టూ గ్రీజు నింపు. పుష్‌రాడ్లు తీసేసి ఆ ఖాళీలో గుడ్డ కుక్కు, డోవెల్ గొట్టాలు తీసి పక్కన పెట్టు. అయ్యాక పైన మొత్తం తుడిచి, పిస్టన్‌ని మెల్లగా కిందకి దింపితే బోరు గోడకి గ్రీజు వలయం మిగులుతుంది, దాన్నీ పట్టిన పొడినీ కలిపి గుడ్డతో తీసెయ్. ఇంకోసారి పైకి కిందకి తిప్పి మళ్ళీ తుడువు.

కంప్రెషన్ గురించి భయం వద్దు. 163 సీసీ, 8.5 రేషియో ఉన్న ఇంజిన్‌లో పైన మిగిలే ఖాళీ సుమారు 21.7 సీసీ. 68 బోరు మీద 0.1 ఎంఎం తీస్తే తగ్గేది మహా అయితే 0.36 సీసీ, రేషియో 8.6 దగ్గరికి వస్తుంది. నువ్వు తీసే 0.15 తో కూడా 8.7 దాటదు, అంత తేడాకి కొట్టుకోదు. అర ఎంఎం తీసేస్తే అప్పుడు ఆలోచించాలి, వాల్వు పిస్టన్‌కి తగలడం అవన్నీ.

కానీ అందరూ మర్చిపోయేది ఇంకోటుంది, వాల్వు సెట్టింగు. హెడ్ కిందకి దిగింది, పుష్‌రాడ్ పొడవు అంతే ఉంది, అంటే రాకర్ (పుష్‌రాడ్ తోస్తే వాల్వుని నొక్కే చిన్న చెయ్యి) దగ్గర సందు తగ్గిపోతుంది. అలాగే బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకుండా ఉండిపోతుంది, వాల్వు చల్లబడేది సీటుకి ఆనినప్పుడే, ఆనకపోతే అంచు కాలిపోతుంది. అప్పుడు జనం హెడ్ రుద్దడం వల్లే చెడిందంటారు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైన ఉంచి, ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20. నీకు ఫిల్లర్ గేజి ఉంది కాబట్టి పది నిమిషాల పని. కాపీ ఇంజిన్లకి కూడా ఎక్కువగా ఇవే లెక్కలు, అయినా నీ ఇంజిన్‌తో వచ్చిన పుస్తకం ఉంటే అందులో ఉన్నదే పెట్టు.

వాల్వులు ఎలాగూ తీశావు కాబట్టి సీట్ల మీద మాత్రం గ్రైండింగ్ పేస్టు కొద్దిగా రాసి తిప్పు, అది దాని పని. వాల్వులు బిగించి హెడ్‌ని తలకిందులు చేసి చాంబర్‌లో పెట్రోలు పోసి చూడు, పోర్టుల్లోకి చెమ్మ రాకూడదు.

ఎక్స్ఎల్_రైడర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, పాత టూ స్ట్రోక్ టీవీఎస్ ఎక్స్ఎల్ హెడ్‌కి కూడా ఇదే పద్ధతా?

అనంత_పంప్‌సెట్:

అదే పద్ధతి, ఇంకా సులువు. వాల్వులు లేవు, పుష్‌రాడ్లు లేవు, చిన్న మూత లాంటి హెడ్. మొదట మూలమట్టంతో చూడు, ఊరికే రుద్దొద్దు. ప్లగ్గు రంధ్రం కాటన్‌తో మూసుకో. ప్యాకింగ్ కొత్తదే వెయ్, బిగించేది ఎదురెదురు మూలలకే. టూ స్ట్రోక్‌లో స్క్విష్ సందు, అంటే పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య ఉండేది, తక్కువగానే ఉంటాది కాబట్టి అందులో మరీ ఎక్కువ తీసేయకూడదు. గీతలు చెరగ్గానే ఆపెయ్.

పత్తిచేను_సూర్యాపేట:

అన్నా ఐపోయింది, ఈ రోజు పొద్దున స్టార్ట్ చేసిన. 220 తోనే చాల వరకు వచ్చేసింది, పుష్‌రాడ్ గోడ దగ్గర గీతలు మీరు చెప్పినట్టే ఆఖరుకు పోయినయి. 400 ఐనంక ఎటు పెట్టి చూసినా 0.05 ఆకు దూరలే. వాల్వు సందు చూస్తే ఎగ్జాస్ట్ 0.10 కూడ లేకుండె, సెట్ చేసిన. ఇప్పుడు చేన్ల లోడ్ మీద కూడ గుంజుతుంది, ఎయిర్ ఫిల్టర్ పొడిగనే ఉంది. హెడ్ బోల్టులు వేడెక్కినంక మళ్ళ ఒకసారి బిగించాల్నా? ఆయిల్ కూడ మార్చాల్నా, పోసి ఎక్కువ రోజులు కాలే.

ఆటోనగర్_లేత్:

సంతోషం తమ్ముడూ. వేడి మీద బోల్టులు ముట్టుకోవద్దు. ఈ రోజు పని అయ్యాక రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున కాటాతో అదే పన్నెండు కిలోలకి ఒకసారి లాగి చూడు, కదలకపోతే అలాగే వదిలెయ్, ఏదైనా కాస్త తిరిగితే నాలుగూ వరుసగా చూసుకుని ఎగ్జాస్ట్ సందు మళ్ళీ కొలువు.

ఆయిల్ మార్చెయ్, కొత్తదైనా సరే. ప్యాకింగ్ తెగి ఉన్నన్నాళ్ళు మంట అంతా ఆయిల్‌లోకే పోయింది, మసి, పెట్రోలు కలిసి ఉంటాయి, మనం రుద్దిన పొడి ఎక్కడైనా కొంచెం మిగిలినా దాంతో పాటు పోతుంది. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు విప్పి పూర్తిగా కారనివ్వు. పట్టేది 0.6 లీటరే, ఎస్ఏఈ 10డబ్ల్యూ-30 పోసి, ఇంజిన్ సమంగా పెట్టి నింపే మూతి అంచు దాకా వచ్చిందో లేదో చూసుకో. ఇంకో పది గంటలు నడిచాక మళ్ళీ మార్చు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి సబ్బునీళ్ళతో ఉతికి, ఆరాక చుక్క ఆయిల్ పిండి పెట్టు, ఫ్యాన్ కవరు మాత్రం ప్రతి దఫా కలుపు పని అయ్యాక విప్పి దులుపు.